క్రేట్‌లో బుద్ధిగా ఉండే కుక్కకి ఇల్లు ఎప్పుడు, ఎలా వదలాలి

మీ బ్రూనో గురించి రాసింది మొత్తం చదివాను. 14 నెలల ల్యాబ్రడార్ (ల్యాబ్), బెంగళూరు మారతహళ్ళి దగ్గర 2 బీహెచ్‌కే ఫ్లాట్, మీరిద్దరూ వారానికి 3 రోజులు ఆఫీసుకి వెళ్తారు, చిన్నప్పటి నుంచి క్రేట్, అంటే కుక్క పడుకునే కడ్డీల పెట్టె, అలవాటు ఉంది, లోపల చక్కగా పడుకుంటాడు. పోయిన వారం ఇంక పెద్దాడైపోయాడులే అని ఇల్లంతా వదిలేసి 2 గంటలు బయటికి వెళ్ళొస్తే సోఫా కుషన్లు చింపి, టీవీ వెనక వైరు కొరికేశాడు. అయితే వీడికి జీవితాంతం క్రేటేనా, లేకపోతే 2 ఏళ్ళు వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. రెండూ అక్కర్లేదండి. ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, కాకపోతే మీరు మొదలుపెట్టిన చోట కాదు.

ముందు ఒక విషయం చూడండి. ఇన్నాళ్ళూ క్రేట్‌లో వాడు నేర్చుకున్నది క్రేట్‌లో ఎలా ఉండాలో మాత్రమే. కుదురుగా పడుకోవడం, ఉచ్చ ఆపుకోవడం, మీరు తలుపేసుకుని వెళ్ళినా గోల చేయకపోవడం, ఇవేం చిన్న విషయాలు కావు, ఇవి వచ్చిన కుక్కతో సగం పని అయిపోయినట్టే. కానీ సోఫా కొరకకూడదని క్రేట్ వాడికి నేర్పలేదు, సోఫా దాకా వెళ్ళే ఛాన్స్ లేకుండా చేసింది, అంతే. గట్టు మీద బుద్ధిగా కూర్చున్నాడని పిల్లాడికి ఈత వచ్చినట్టు కాదు కదా. క్రేట్‌కీ ఖాళీ ఇంటికీ మధ్యలో ఇంకో దశ ఉంది, మీరు ఇంట్లోనే ఉండగా వాడు బయట తిరిగే దశ. నేను బెంగళూరులో ఫ్లాట్లలో కుక్కల్ని పెంచేవాళ్ళకి చాలా ఏళ్ళుగా సాయం చేస్తున్నా, క్రేట్ అలవాటు చేసిన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే లోటు ఇదే. ఆఫీస్ కాల్ ఉంటే క్రేట్, వంట చేస్తుంటే క్రేట్, పనావిడ వస్తే క్రేట్, సాయంత్రం వదిలినప్పుడేమో వాడితో ఆటలు. అంటే వాడికి బయట ఉండటం అంటే ఆట, పడుకోవడం అంటే క్రేట్. హాల్లో ఏమీ చేయకుండా ఊరికే పడుండటం అనేదొకటి ఉంటుందని వాడికి ఎప్పుడూ తెలీలేదు. అలాంటోడికి ఒక్కసారిగా ఇల్లంతా ఇచ్చి మీరు వెళ్ళిపోతే వాడు ఆడుకుంటాడు, దొరికినదాంతో.

వయసు లెక్క పూర్తిగా తీసిపారేయలేం. పళ్ళు మారడం 6, 7 నెలలకి అయిపోతుంది, అప్పటి కొరుకుడు వేరు. ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర దాకా టీనేజ్, ల్యాబ్ లాంటి పెద్ద జాతులు మానసికంగా కుదురుకోవడానికి 2 ఏళ్ళు, ఇంకాస్త ఎక్కువ కూడా పడుతుంది, పైగా ల్యాబ్‌ని తయారుచేసిందే నోటితో వస్తువులు పట్టుకొచ్చే పనికి, నోట్లో ఏదో ఒకటి లేకపోతే దానికి తోచదు. అందుకని 14 నెలలకి ఇల్లంతా వదలడం తొందరే. కానీ 2 ఏళ్ళు క్రేట్‌లో ఉంచి బర్త్‌డే రోజు తలుపు తీస్తే ఇప్పుడు జరిగిందే అప్పుడూ జరుగుతుంది, వాడు ఇంకాస్త పెద్దాడై ఉంటాడు అంతే తేడా. వయసు దానంతట అది ఏమీ నేర్పదు.

ఇప్పుడు ఆ కుషన్ల సంగతి. ఏ కారణంతో చింపాడో తెలీకుండా ముందుకెళ్ళొద్దు. తోచక చింపడం వేరు, భయంతో చింపడం వేరు, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక పాత ఫోన్‌ని బుక్ షెల్ఫ్‌లో ఆనించి వీడియో ఆన్ చేసి, ఇద్దరూ కిందకి దిగి 15 నిమిషాలు గేటు దగ్గర నిలబడి రండి. కెమెరా కొంటే ఇంకా మంచిది, బేసిక్ వైఫై కెమెరా 2, 3 వేల లోపే వస్తుంది, మీరు పెట్టే ఖర్చులన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే. తోచని కుక్క అయితే మీరు వెళ్ళాక కాసేపు ఇల్లంతా వాసన చూస్తుంది, పడుకుంటుంది, లేచి ఏదో ఒకటి లాగుతుంది, మీరు పెట్టిన ట్రీట్ తింటుంది. భయపడే కుక్క మీరు వెళ్ళిన మొదటి అరగంటలోనే తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతుంది, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, ఏడుస్తుంది, తలుపు ఫ్రేమ్‌నో కిటికీనో గీరుతుంది, ఎంత ఇష్టమైన తిండి పెట్టినా ముట్టదు. ఈ రెండోది కనిపిస్తే నేను కింద రాసింది ఏదీ చేయకండి, అది సెపరేషన్ యాంగ్జైటీ, అంటే ఒంటరిగా వదిలితే వచ్చే విపరీతమైన భయం, దానికి స్వేచ్ఛ పెంచడం మందు కాదు, మళ్ళీ క్రేట్‌లో పెట్టి తాళం వేయడం అసలే కాదు, భయంతో క్రేట్ కడ్డీలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకున్న కుక్కలు ఉన్నాయి. ముందు వెట్‌ని, అంటే పశువుల డాక్టర్‌ని, ఆ తర్వాత కుక్కల ప్రవర్తన మీద పనిచేసేవాళ్ళని కలవండి. మీరు చెప్పినదాన్ని బట్టి, క్రేట్‌లో మీరు లేకపోయినా నిద్రపోతాడు అంటున్నారు కాబట్టి, బ్రూనో మొదటి రకమే అని నాకనిపిస్తోంది, అయినా వీడియో చూసే నమ్మండి.

ఇంటికొచ్చాక తల దించుకుని చెవులు వెనక్కేసి మూల కూర్చున్నాడు, తప్పు చేశానని వాడికి తెలుసు అని రాశారు. తెలీదండి. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే ఒక ప్రయోగం చేసింది, కుక్క నిజంగా వద్దన్నది తిన్నా తినకపోయినా, యజమాని కోప్పడితే ఆ గిల్టీ మొహం ఎక్కువగా వచ్చింది. అది మీ గొంతు చూసి, మీ నడక చూసి పెట్టే మొహం. గంట క్రితం చింపినదానికి ఇప్పుడు తిడితే వాడికి అర్థమయ్యేది మీరు ఇంటికి రావడమే ప్రమాదం అని, అది మళ్ళీ మొదటికే మోసం. చింపిన దూది ఊడ్చేసి మామూలుగా వాకింగ్‌కి తీసుకెళ్ళండి.

సరే, అసలు పని. కొన్ని వారాల పాటు మీరు ఇంట్లో ఉన్న రోజుల్లో క్రేట్ తలుపు తీసేసి ఉంచండి, వాడు మీరున్న గదిలోనే ఉండాలి. మీరు బెడ్‌రూమ్‌లో పని చేసుకుంటే బెడ్‌రూమ్ తలుపు మూసి లోపల మీతో, హాల్లో ఉంటే హాల్లో మీతో. మొదట్లో హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) ఒక తేలికపాటి లీష్, అంటే పట్టుకునే తాడు, తగిలించి నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి, మీ కళ్ళ ముందు ఉన్నప్పుడు మాత్రమే, ఒంటరిగా ఉంటే అది ఎక్కడో చిక్కుకుని మెడకి పడొచ్చు. ఏదన్నా నోట్లో పెట్టుకోబోతే అరవకుండా, వెంటపడకుండా ఆ లీష్ చివర పట్టుకుని నెమ్మదిగా ఇటు తీసుకొచ్చి వాడి బొమ్మ చేతికివ్వచ్చు. వెంటపడితే ల్యాబ్‌కి అదొక ఆట, మీ సాక్సు ఎత్తుకెళ్తే మీరు పరిగెడతారని ఒక్కసారి తెలిసిందంటే రోజూ ఎత్తుకెళ్తాడు. ఎత్తుకెళ్ళింది ఇస్తే ట్రీట్ అనే బేరం ముందే నేర్పించి ఉంచండి.

దాంతోపాటు ఒక చాపో, పాత బొంతో వాడిది అని పెట్టండి. దాని మీద పడుకున్నప్పుడల్లా, మీరు చెప్పకుండా వాడంతట వాడు పడుకున్నప్పుడు మరీ ముఖ్యంగా, ఏమీ మాట్లాడకుండా ఒక కిబుల్ (పొడి డాగ్ ఫుడ్) గింజ ముందు పెట్టి వెళ్ళిపోండి. బాగా గోల చేసినప్పుడు అందరం పట్టించుకుంటాం, ఊరికే పడుకున్న కుక్కని ఎవరూ పట్టించుకోరు, అసలు మనకి కావాల్సింది ఆ ఊరికే పడుకోవడమే కదా. మన ఫ్లాట్లలో ఆ నున్నటి టైల్స్ మీద పరుగులు పెట్టడం ల్యాబ్ తుంటి కీళ్ళకి కూడా మంచిది కాదు, చాప అలవాటైతే అదీ తగ్గుతుంది. ఆ తర్వాత పరీక్షలు చిన్నచిన్నవి: స్నానానికి వెళ్ళండి, వాడు హాల్లో ఉండనివ్వండి, చెత్త తీసుకెళ్ళి కింద పడేసి రండి, యుటిలిటీలో బట్టలు ఆరేసి రండి. మీరు కనపడకుండా ఉన్న ఆ 5 నిమిషాలు, 10 నిమిషాలు ఏం చేశాడన్నది మీకు ఏ వయసు లెక్క కంటే బాగా చెప్తుంది. మీరు ఇంట్లో ఉండగానే రోజుకోసారి చెప్పు ఎత్తుకెళ్ళే కుక్క మీరు లేనప్పుడు ఎత్తుకెళ్ళకుండా ఉండదు. రెండు మూడు వారాలు వరసగా ఏ దొంగతనం, ఏ ఉచ్చ ప్రమాదం లేకుండా గడిస్తే అప్పుడు తర్వాత మెట్టు.

ఉచ్చ అంటే గుర్తొచ్చింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగ కుక్క అయితే ఈ వయసులో సోఫా కాలుకో కర్టెన్‌కో కాలెత్తడం మొదలవ్వచ్చు. ఫినాయిల్‌తో తుడిస్తే ఆ వాసన మన ముక్కుకి పోతుంది కానీ వాడి ముక్కుకి పోదు, మళ్ళీ అక్కడే పోస్తాడు. ఆ వాసనని పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ అని పెట్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడండి.

ఒంటరిగా వదిలేటప్పుడు మొదట ఇవ్వాల్సింది ఒక్క గది, ఇల్లు కాదు. నాకు పట్టుదల ఉన్న రూల్ ఒకటుంది, స్థలం పెంచిన రోజు టైమ్ పెంచకూడదు, టైమ్ పెంచిన రోజు స్థలం పెంచకూడదు. మీరు చేసింది ఒకే రోజు రెండూ పెంచడం, సున్నా నుంచి ఇల్లంతా, సున్నా నుంచి 2 గంటలు. మీ ఫ్లాట్‌లో మెయిన్ డోర్ పక్కనే హాలు అన్నారు, కారిడార్‌లో లిఫ్ట్ చప్పుడు, డెలివరీ వాళ్ళు, పక్కింటి బెల్లు, ప్రతిదానికీ లేచి మొరుగుతూ ఉంటే కుదురుగా ఎలా ఉంటాడు, కాబట్టి నేనైతే వెనకవైపు చిన్న బెడ్‌రూమ్‌తో మొదలుపెడతా. క్రేట్ అందులోకే మార్చండి, తలుపు తీసి కట్టేసి పెట్టండి, గాలికి మూసుకుపోకుండా. కుదిరితే గది తలుపు మూయకుండా బేబీ గేట్, అంటే గుమ్మానికి అడ్డంగా పెట్టే చిన్న కడ్డీల గేటు, పెట్టండి, మూసిన తలుపు చూస్తే కొన్ని కుక్కలకి గీరబుద్ధి అవుతుంది, గేట్ అయితే బయటికి కనిపిస్తుంది.

ఆ గదిలో నేల మీద కూర్చుని వాడి ఎత్తు నుంచి చుట్టూ చూడండి. నేల దగ్గరుండే ప్లగ్ పాయింట్‌లో దోమల మందు లిక్విడ్ మెషీన్, చార్జర్ వైర్లు, అల్మరా అడుగున కలరా ఉండలు, జిప్ వేయని ఆఫీస్ బ్యాగ్, ఆ బ్యాగులో షుగర్‌ఫ్రీ గమ్, తలనొప్పి మాత్రలు. షుగర్‌ఫ్రీ గమ్ చాలావాటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కకి కొంచెమైనా ప్రాణాంతకం, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రలూ అంతే ప్రమాదం, నాఫ్తలీన్ ఉండలూ, దేవుడి దగ్గరుండే కర్పూరం కూడా విషమే. పాయసంలో వేసే ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ సంగతి మీకు తెలిసే ఉంటుంది. చాలామంది పట్టించుకోనిది సాక్సులు, మామిడి టెంకలు, మొక్కజొన్న కంకి బొడ్డు, ఇవి విషం కాదు కానీ పేగులో అడ్డం పడితే ఆపరేషనే. బాల్కనీ కుండీలో సైకస్ మొక్క ఉంటే, అదే చిన్న ఈతచెట్టులా ఉండేది, బెంగళూరులో చాలా ఇళ్ళల్లో అందం కోసం పెడతారు, ఈరోజే తీసేయండి, దాని గింజ కొరికినా లివర్ పోతుంది. గన్నేరు కూడా వద్దు. అసలు బాల్కనీ తలుపు మాత్రం మీరు లేనప్పుడు ఎప్పటికీ, వాడికి 8 ఏళ్ళు వచ్చినా సరే, మూసే ఉండాలి, గ్రిల్ ఉన్నా సరే. వంటగదికీ యుటిలిటీకీ కూడా ఇదే మాట. ఏదన్నా తినేశాడని అనుమానం వస్తే ఆగి చూద్దాం అనుకోకుండా వెంటనే వెట్‌కి ఫోన్ చేయండి, ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు, రాత్రిపూట చూసే క్లినిక్ నంబర్ ఒకటి ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

వదిలేసి వెళ్ళే రోజు ముందు వాకింగ్ అవ్వాలి, అది కూడా వాసన చూస్తూ నెమ్మదిగా నడిచేది. అరగంట బాల్ విసిరి విసిరి ఆడిస్తే ఒళ్ళు అలుస్తుంది కానీ బుర్ర ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, ప్రతి చెట్టు దగ్గరా 2 నిమిషాలు ఆగి ముక్కు పెట్టుకోనిస్తే ఇంటికొచ్చి గాఢంగా పడుకుంటాడు. ఇంటికొచ్చాక నీళ్ళు, తర్వాత గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టింది ఇచ్చి, పెద్దగా బై బై చెప్పకుండా వెళ్ళిపోండి. ఉడికించిన ఎముకలు మాత్రం ఇవ్వొద్దు, అవి పుల్లల్లా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. మొదటిసారి 10 నిమిషాలు, బాగుంటే 20, తర్వాత అరగంట, అరగంట నాలుగైదు సార్లు బాగా గడిచాక గంట. మొదటి గంటే కష్టం, అది దాటిన కుక్కలు చాలావరకు మిగతా టైమ్ నిద్రపోతాయి, వీడియోలో చూస్తే మీకే బోర్ కొడుతుంది. ఒకసారి 3 గంటలు ఒక గదిలో బాగా ఉన్నాడంటే అప్పుడు హాల్ కూడా కలపండి, టైమ్ మళ్ళీ అరగంటకి తగ్గించి. కరెంట్ పోతే వైఫై పోయి కెమెరా ఆగుతుంది, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే మంచిది, లేకపోతే ఆఫీసులో కూర్చుని మీరే కంగారు పడతారు.

మీకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పాలి. ఆఫీసు 9 గంటలు, ఔటర్ రింగ్ రోడ్డు మీద అటూ ఇటూ 2 గంటలు, అంటే వాడు 11 గంటలు ఒక్కడే. క్రేట్‌లో అయినా, గదిలో అయినా, ఇల్లంతా వదిలినా అది ఎక్కువే. పెద్ద కుక్క అయినా 4 నుంచి 6 గంటలకోసారి బయటికి వెళ్ళాలి, మనిషిని చూడాలి. ఇల్లు వదిలేస్తే ఆ బాధ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు, తీరదు, ఒంటరితనం పెద్ద గదిలోకి మారుతుంది అంతే. మీ అపార్ట్‌మెంట్‌లో డాగ్ వాకర్ ఎవరైనా వస్తున్నారేమో సెక్యూరిటీని అడగండి, మధ్యాహ్నం ఒక అరగంట తిప్పితే చాలు, లేదా ఆ 3 రోజులు మీ ఇద్దరివీ వేర్వేరుగా పడేలా చూసుకోండి, అప్పుడు వాడు పూర్తిగా ఒంటరిగా ఉండేది వారంలో ఒకటో రెండో రోజులకి దిగుతుంది. ఇది కుదిరితే నేను రాసిన మిగతావన్నీ సగం సులువైపోతాయి.

ఇంటికొచ్చే మనుషులకి కూడా చెప్పాలి. మీ పనావిడ దగ్గర తాళం ఉంది అన్నారు, ఆవిడ తలుపు తీసేసరికి ఇన్నాళ్ళూ వాడు క్రేట్‌లో ఉండేవాడు, ఇప్పుడు ఎదురుగా వస్తాడు, ఆవిడ భయపడి తలుపు వదిలేస్తే వాడు మెట్ల మీదుగా కిందకి, అక్కడి నుంచి రోడ్డు మీదకి. కాబట్టి గదికి గేట్ ఉండటం ఆవిడ కోసం కూడా. మెడలో మీ ఫోన్ నంబర్ ఉన్న ట్యాగ్ ఉండాలి, కుదిరితే మైక్రోచిప్ కూడా. ఇక ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, అయ్యో నోరులేని జీవిని గదిలో పెట్టారేంట్రా అని జాలిపడి తీసేస్తారు, తినేటప్పుడు కింద ఒక ముద్ద పెడతారు. వాళ్ళ మీద కోప్పడక్కర్లేదు, వాళ్ళు ఉన్నన్నాళ్ళూ కొత్త మెట్టు ఎక్కించకండి, ఉన్నచోటే ఆగండి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇల్లు మారినప్పుడూ, దీపావళి వారంలోనూ ఇంతే. దీపావళికైతే తలుపు తీసిన క్రేట్ మీద దుప్పటి కప్పి ఉంచితే చాలా కుక్కలు వాటంతట అవే వెళ్ళి లోపల దాక్కుంటాయి.

మధ్యలో ఒకసారి ఏదో ఒకటి చింపుతాడు, అది ఖాయం. అప్పుడు అంతా పోయిందనుకుని మళ్ళీ పూర్తిగా క్రేట్‌కి వెళ్ళొద్దు, ఏ మెట్టు మీద బాగా ఉన్నాడో ఆ మెట్టుకి దిగి ఒక వారం ఉండండి. ఆ రోజు వాకింగ్ తప్పిందా, వానకి బయటికి తీసుకెళ్ళలేదా, టైమ్ ఒక్కసారిగా పెంచారా చూస్తే చాలాసార్లు కారణం మన వైపే దొరుకుతుంది.

క్రేట్ ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేద్దామా అన్నారు. అమ్మొద్దండి. సంక్రాంతికి కారులో ఊరెళ్ళినప్పుడు, బోర్డింగ్‌లో, అంటే కుక్కల్ని కొన్నాళ్ళు చూసుకునే చోట, వదిలినప్పుడు, రేపు ఏదన్నా ఆపరేషన్ అయ్యి వెట్ 10 రోజులు కదలకుండా ఉంచమన్నప్పుడు క్రేట్ అలవాటున్న కుక్కే తక్కువ బాధపడుతుంది. ఆ అలవాటు పోకుండా వారానికి రెండు మూడుసార్లు దాంట్లోనే అన్నం పెట్టండి, అప్పుడప్పుడు తలుపు వేసి 20 నిమిషాలు ఉంచండి.

రెండో కుక్కని తెస్తే వీడికి తోడుంటుంది, చింపడం మానేస్తాడా అని చివర్లో అడిగారు. తోచక చింపే కుక్క పక్కన ఇంకో కుర్ర కుక్కని పెడితే ఇద్దరూ కలిసి చింపుతారు. ముందు బ్రూనో హాల్లో 4 గంటలు హాయిగా పడుకునే రోజు రానివ్వండి, ఆ తర్వాత తెచ్చుకోండి, తెచ్చినా కొత్తదాన్ని మొదట్లో వేరే గదిలో ఉంచి, ఇద్దర్నీ కలిపి ఒంటరిగా వదలడం మాత్రం అన్నిటికన్నా ఆఖరున చేయండి. ప్రస్తుతానికి ఆ 15 నిమిషాల వీడియో తీసి, బ్రూనో ఏం చేశాడో, ట్రీట్ తిన్నాడో లేదో రాయండి, చిన్న బెడ్‌రూమ్‌లో సామాను ఏముందో కూడా చెప్తే అక్కడ ఏది తీయాలో, ఏది ఉంచాలో చెప్తాను.